ఆకలి లేని కొరమీను

"వానలు మొదలయ్యేలోగా గోడ కట్టిస్తాను. మా క్వారీ బురద ఒక్క చుక్క కూడా మీ చెరువులోకి దిగదు. ఇది నా మాట."

క్వారీ యజమాని శేషాద్రి ఊరందరి ముందు ఈ మాట అన్నప్పుడు జనం చప్పట్లు కొట్టారు. వానలు సమయానికే వచ్చాయి. గోడ రాలేదు. చెరువు ఉత్తరపు ఒడ్డు సున్నం కలిపినట్టు తెల్లబడింది. అటువైపు చేపలు చచ్చి తేలాయి.

ఇచ్చిన మాట ఏమైందని అడగడానికి ఊరు కుళ్లాయప్పను ముందుకు తోసింది. అతను చదువుకున్నవాడు. ఏ దేశంలో ఎవరు తిరగబడ్డా, వాళ్ల నినాదం ఇతని నాలుక మీద ఉండేది. కానీ పోయిన నెల సభలో క్వారీ మేనేజరు రాజశేఖర్ ఏదో ఎకసెక్కెం ఆడాడు. కుళ్లాయప్ప అతని కాలరు పట్టుకున్నాడు. చొక్కా చిరిగింది. "ఇలాంటి రౌడీలతో ఏం మాట్లాడతాం" అంటూ శేషాద్రి లేచి వెళ్లిపోయాడు. ఆ రోజు గోడ గురించి ఎవరూ అడగనే లేదు.

రేపు మళ్లీ సభ. అది కూడా చెడితే శేషాద్రి ఇక ఊళ్లో అడుగుపెట్టడు. ఆ సంగతి కుళ్లాయప్పకు తెలుసు. అందుకే పొద్దున్నే చెరువు దక్షిణపు ఒడ్డుకు, తన గురువు నన్నే సాహెబ్ దగ్గరికి వచ్చాడు.

నన్నే సాహెబ్ ఆ ఒడ్డున చిన్న దర్గాలో ఉండే సూఫీ. ఊళ్లో హిందువులకూ ముస్లిములకూ ఆయన సామే. తెల్లవారి నమాజు కాగానే గాలపు కర్ర పట్టుకుని నీళ్ల పక్కన కూర్చుంటాడు. ఆయన గాలానికి వానపాములు గుచ్చడు. బొటనవేలంత రబ్బరు కప్పను నీటి మీదికి విసిరి, దారం చిన్నగా గుంజుతూ గంతులు వేయిస్తాడు. నిజం కప్పే అనుకుని కొరమీను కింద నుంచి ఎగిరి పట్టుకుంటుంది. ఒకటి పడితే చాలు, ఆ రోజుకు దారం చుట్టేస్తాడు.

"సామీ, ఒక మాట అడగాల."

"అడుగప్పా. గట్టిగా మాత్రం అడగొద్దు. చేపలు బెదురుతాయి."

"అన్యాయం చూసి కోపం రావడం తప్పా? ఊరంతా నన్ను ఓర్చుకో, ఓర్చుకో అంటాండారు. నోరు మూసుకున్నోడు దొంగకు కాపలా కాసినట్టే సామీ!"

"బాగుండాది. ఎవరి మాట?"

"పరాయి దేశంలో ఎక్కడో గోడల మీద రాసినారంట."

"పోనీలే. వాళ్లకు గోడన్నా ఉండాది."

కుళ్లాయప్పకు నవ్వు రాలేదు. "నేను అడిగిందానికి జవాబు చెప్పు సామీ."

సామి నీళ్లకేసి చూస్తున్నాడు. తుంగ పక్కన ఒకచోట నీళ్లు ఎసరు కాగుతున్నట్టు సన్నగా కదులుతున్నాయి. కొరమీను పిల్లలు. ఎర్రగా, అగ్గిపుల్లలంత, లెక్కలేనన్ని. గాలి కోసం గుంపుగా పైకి వచ్చి మళ్లీ మునుగుతున్నాయి.

నన్నే సాహెబ్ గాలపు కర్ర శిష్యుడి చేతిలో పెట్టాడు.

"ఆ గుంపు నడిమిట్ల ఎయ్యి."

కుళ్లాయప్ప ఆశ్చర్యపోయాడు. పిల్లల గుంపు వైపు సామి కప్పను విసరగా అతను ఎన్నడూ చూడలేదు. ఎవరైనా విసిరితే తిట్టేవాడు కూడా.

"పిల్లలుండాయి సామీ."

"నాకూ కనపడతాండాయిలే. ఎయ్యి."

కప్ప గుంపు మధ్యలో పడింది. పిల్లలు చెదిరాయి. దారం ఇంకా గుంజనే లేదు, నీళ్లు భళ్లుమని పగిలాయి. కర్ర వంగిపోయింది. కాసేపు పెనుగులాడాక మోచేతి పొడవు నల్ల కొరమీను ఒడ్డున పడి కొట్టుకుంది.

"అబ్బ! ఎంత ఆకలి మీదుండాది సామీ! ఒక్క గంతు కూడా వేయించలే."

"నోరు తెరిచి చూడు."

కుళ్లాయప్ప చేప దవడ తెరిచాడు. గొంతులో ఇంకా పూర్తిగా మింగని చిన్న పరక చేప తోక కనిపించింది.

"దీనికి ఆకలే లేదే!"

"మరి కప్పనెందుకు పట్టింది?"

"పిల్లల మీదికి వచ్చిందని. కోపంతో."

"తప్పా?"

కుళ్లాయప్ప చేప దవడ వదిలి నీళ్లవైపు చూశాడు.

తుంగ పక్కన టప్పుమంది. పిల్లలను మింగడానికి వచ్చిన ఒక జెల్ల చేప తెల్లగా మెరిసి మునిగింది. ఆ పక్కనే ఇంకొకటి. నీటికాకి ఒకటి వచ్చి వాలింది. ఎర్రటి గుంపు ముక్కలు ముక్కలైంది.

"దీని జోడు మొన్న బురదకు పోయింది," అన్నాడు సామి అటే చూస్తూ. "ఇప్పుడు ఆ పిల్లల కాడ ఎవరుండారు?"

కుళ్లాయప్ప చేప మీదికి వంగాడు. గాలం దవడలో లోతుగా దిగింది. ఎలాగో ఊడదీసి, చేపను రెండు చేతులా పట్టుకుని నడుము లోతు నీళ్లలోకి పరుగెత్తాడు. తుంగ దగ్గర వదిలాడు. అది క్షణం పాటు పక్కకు ఒరిగింది. తర్వాత ఒక్క విసురున పోయింది. జెల్లల చప్పుడు ఆగింది.

అతను తడిబట్టలతో వచ్చేసరికి నన్నే సాహెబ్ దారం చుట్టేస్తున్నాడు.

"ఈపొద్దు నీకు చేప లేకుండా చేస్తిని సామీ."

"చారు తాగుతాలే." ఆయన రబ్బరు కప్పను తుడిచి సంచిలో వేసుకున్నాడు. "అది అంత కోపంగా వచ్చింది కదా కుళ్లాయీ. కప్పకు మాత్రం కోపం లేదు."

మరునాడు పంచాయతీ ఆఫీసు ముందు షామియానా కింద సభ. ఊరంతా వచ్చింది. కుళ్లాయప్ప లేచి నిలబడ్డాడో లేదో, మేనేజరు రాజశేఖర్ అందుకున్నాడు.

"పాత చొక్కా వేసుకొచ్చినానప్పా. నువ్వు మొహమాటపడొద్దు."

జనంలో కొందరు నవ్వారు. కుళ్లాయప్ప అలాగే నిలబడ్డాడు.

రాజశేఖర్ గొంతు పెంచాడు. "మీ నాయన మా క్వారీలో రాళ్లు కొట్టిన కూలితోనే కదా నువ్వు పుస్తకాలు కొన్నది! ఆ రాళ్ల కిందే పోయినాడు, ఏనాడూ నోరెత్తలేదు. నువ్వొచ్చినావు పెద్ద మొగోడివి!"

నవ్వినవాళ్లు కూడా తల దించుకున్నారు. కుళ్లాయప్ప మెడ నరాలు ఉబ్బాయి. ఒక అడుగు ముందుకు వేశాడు.

అక్కడ ఆగి మేనేజరు ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో కోపం లేదు. కాచుకుని ఉన్నాడంతే. వెనక కుర్చీలో శేషాద్రి అప్పటికే కారు తాళాలు చేతిలోకి తీసుకుని సగం లేచాడు.

కుళ్లాయప్ప ఒక కుర్చీ లాక్కుని, శేషాద్రికి ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు.

"అవునన్నా. ఆ కూలితోనే చదివినా," అన్నాడు మేనేజరు వైపు చూడకుండా. "కూర్చోండి శేషాద్రి సార్. గోడ సంగతి చెప్పండి."

శేషాద్రి మేనేజరు వైపు చూశాడు. మేనేజరు చూపు పక్కకు తిప్పుకున్నాడు. శేషాద్రి మెల్లగా కూర్చున్నాడు.

"చూద్దామయ్యా... వానలు కొంచెం తెరిపి ఇస్తే..."

"ఏ రోజు మొదలుపెడతారు, ఏ రోజుకు పూర్తిచేస్తారు. అంతే సార్ మేం అడిగేది. ఇప్పుడే చెప్పలేకుంటే పదిహేను రోజులు తీసుకోండి, ఆగస్టు పన్నెండో తారీఖులోగా ఊరికి సమాధానం చెప్పండి."