మూపురం కొలిచిన రాజుగారు

పూర్వం మణిగిరిని వీరకేతుడనే రాజు ఏలుతుండేవాడు. ఏ సంగతైనా తనకు తెలియదని ఒప్పుకోవడం ఆయనకు చేతకాదు.

ఒక ఏడు ఓడ వర్తకుడొకడు మూపురం లేని సీమ ఆబోతును కానుకగా ఇచ్చాడు. రాజు దాన్ని చాలావరకు తెల్లగా ఉండే తన నాటు ఆవుల మందలో వదిలించాడు. కొన్నేళ్లు తిరిగేసరికి మంద రూపే మారిపోయింది. ఒక దూడ తెల్లగా ఉంది, మూపురం లేదు. ఇంకొకదానికి మూపురం ఉంది, ఒళ్లంతా నల్లమచ్చలు. ఒకే తల్లి కడుపున పుట్టినవాటికే పోలిక లేదు.

"ఇది మందా, సంతా?" అని రాజు మండిపడ్డాడు. "నాటువి ఉంచండి. తక్కినవాటిని అడవికి తోలేయండి!"

ఈ మాట మందను కాచే నాంచారమ్మ చెవిన పడింది. ఆ దూడలన్నీ ఆమె చేతుల మీద పుట్టినవే. అడవిలో పులుల పాలవుతాయని ఏడుస్తూ ఆస్థాన విదూషకుడు కొండుభట్టు కాళ్లమీద పడింది.

"లే అమ్మా. రేపు మందను వేరుచేసేటప్పుడు నేనూ వస్తాను. అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పు, చాలు" అన్నాడు భట్టు.

మర్నాడు రాజూ, భట్టూ, సభికులూ చూస్తుండగా పశులక్షణ పండితుడు సోమయాజి కొలతల తాడు పట్టుకుని మంద దగ్గరికి వచ్చాడు. మూపురం నాలుగు వేళ్లుంటే నాటు, ఎడమకు. తగ్గితే సీమ, కుడికి.

ఒక దూడ తలెత్తితే నాలుగు వేళ్లు, మేతకు వంగితే మూడు. అది మూడుసార్లు అటూ ఇటూ మారింది. దాన్ని లాగే భటుడికి తాను ఏ పక్క నిలబడ్డాడో తెలియలేదు.

కుడివైపు మచ్చల ఆవును చూపించి నాంచారమ్మ చేతులు జోడించింది.

"దొరా, ఇది సీమ ఆబోతు రాకముందు పుట్టింది. తల్లీ తండ్రీ ఇద్దరూ నాటే."

"మరి ఈ మచ్చలెక్కడివి?"

"నాటువైనంత మాత్రాన అన్నీ ఒక్కలా ఉంటాయా దొరా? ఎడమవైపు ఆ తెల్లదుందే, అది సీమ ఆబోతు మనవరాలు."

రాజుకు తల తిరిగింది. "భట్టూ! ఇప్పుడే తేల్చు. తేల్చలేకపోతే వీటితోపాటు నువ్వూ అడవికే!"

"చిత్తం. ముందు కల్తీలేని వంశమొకటి చూపిస్తే, దాని పోలికతో పని మొదలుపెడతాను."

"ప్రభువుల వంశమే!" అన్నాడు సోమయాజి తడుముకోకుండా.

"అయితే యువరాజులను పిలిపించండి."

ఇద్దరూ వచ్చి నిలబడ్డారు. పెద్దవాడు నల్లగా, పొడుగ్గా తాతగారిలా ఉన్నాడు. చిన్నవాడు ఎర్రగా, పొట్టిగా ఉత్తరదేశపు మేనమామను పోలి ఉన్నాడు.

"ప్రభూ, ఒకే తల్లిదండ్రుల బిడ్డలు. వీరిలో ఎవరిని ఎడమకు, ఎవరిని కుడికి పంపమంటారు?"

 సోమయాజి అయోమయంలో అలవాటుకొద్దీ తాడు తీసి రాజుగారి ముక్కుకు ఆనించాడు.

రాజు ఒక్క క్షణం కళ్లెర్రజేశాడు. ఆపైన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"తాడు తీయవయ్యా! నాంచారమ్మా, నువ్వెలా ఎంచుతావు?"

"పాలు పితికి చూస్తాను. ఎండలో నడిపి చూస్తాను. రంగు చూడను దొరా."

రాజు ఆజ్ఞ రద్దు చేశాడు. మంద పెత్తనమంతా నాంచారమ్మకు అప్పగించాడు. భట్టుకు పట్టుశాలువ కప్పి, "నాకు తెలియదని నేనే మొదట చెప్పి ఉంటే ఎంత హాయిగా ఉండేదయ్యా!" అన్నాడు.