వానమ్మ కుండకు రాతి కుదురు

ఒకప్పుడు చందమామకు గుడి లేదు. ఆకాశంలో ఒంటరిగా వచ్చేవాడు, ఒంటరిగా పోయేవాడు. చుక్కలు ఉండేవి గానీ, అవి ఎక్కడో దూరంగా కూర్చుని తమలో తామే గుసగుసలాడుకునేవి. ఆయన్ని పలకరించేవాళ్లు లేరు.

ఆ కాలంలో వానమ్మ కూడా ఎక్కడా ఆగేది కాదు. సముద్రం దగ్గర పెద్ద నల్లకుండ నింపుకుని, తలకెత్తుకుని, గబగబా నడిచిపోయేది. నడకలో కుండ తొణికితే కింద నాలుగు చినుకులు పడేవి. కాలు తడబడితే ఊళ్లకు ఊళ్లే మునిగిపోయేవి. ఎప్పుడొస్తుందో, ఎటు పోతుందో ఎవరికీ చెప్పేది కాదు.

గుండ్ల కొండల నడుమ రాళ్లకనుమ అని ఒక ఊరు ఉండేది. అక్కడ ఎటు చూసినా రాయే. ఊరివాళ్లు రోళ్లు, తిరగళ్లు కొట్టి బతికేవాళ్లు. వాళ్లలో తిప్పక్క అని ఒక మనిషి ఉండేది. ఆమె గొంతెత్తితే చుట్టూ కొండలన్నీ పలికేవి. బండలు లాగేటప్పుడు పాట అందుకునేది ఆమే. మొగుడు సుంకన్న మాత్రం ఉలుకూ పలుకూ లేని మనిషి. తాళ్లు పేనడంలో మాత్రం చెయ్యి తిరిగినవాడు.

ఆ ఊరి మీద కుండ తొణికి చాలా ఏళ్లయింది. చెలమలు తవ్వితే ఇసక వచ్చింది. మేకలు రాళ్లను నాకాయి. పసిపిల్లలు ఏడిస్తే కళ్లలో నీళ్లు రావడం మానేశాయి.

"ఇంక ఈ ఊళ్లో ఏముంది? మూటలు కట్టండి, పోదాం" అన్నారు మగవాళ్లు.

"పోదాం గానీ, వానమ్మను ఒక్కమాట అడిగి పోదాం" అంది తిప్పక్క.

అందరూ నవ్వారు. నవ్వినా ఆమె ఆగలేదు. తూర్పున మబ్బు కనబడగానే కొండెక్కి, గుండు మీద నిలబడి కేక పెట్టింది.

"ఓ వానమ్మా! ఒక్క గడియ ఆగవే తల్లీ!"

వానమ్మ ఉలిక్కిపడింది. కుండ ఊగింది. రెండు చేతులతో పట్టుకుని కిందికి చూసింది.

"ఎవరే అది? తిట్టడానికా పిలిచావు? ఎక్కడికి పోయినా తిట్లే! రాకపోతే తిట్టు, ఎక్కువొస్తే తిట్టు. కానివ్వు, నువ్వూ తిట్టు."

"తిట్టడానికి కాదమ్మా. ఎందుకు ఆగవో అడగడానికి."

ఇన్నాళ్లలో వానమ్మను ఆ మాట అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

"ఎట్లా ఆగేది తల్లీ?" అంది వానమ్మ. "నా కుండ అడుగు గుండ్రం. దించితే దొర్లుతుంది. దొర్లితే పగులుతుంది. పగిలితే లోకంలో ఇక వానే ఉండదు. పుట్టినప్పటినుంచీ మోస్తూనే ఉన్నా. నా మెడ చూడు, ఎట్లా వంగిపోయిందో!"

తిప్పక్క చూసింది. నిజంగానే మెడ వంగిపోయి ఉంది. ఆమెకు జాలేసింది. ఆ వెంటనే నవ్వూ వచ్చింది.

"ఇంతేనా అమ్మా? మా ఇళ్లలో కుండలకూ గుండ్రపు అడుగులే. కుదురు మీద కూర్చోబెడతాం, కదలకుండా కూర్చుంటాయి. నీకూ ఒక కుదురు చేస్తాం."

"నా కుండకు కుదురా? ఏ గడ్డితో పేనుతావే?"

"గడ్డి మా ఊరి పేరే మరిచిపోయింది. రాళ్లతో చేస్తాం. నీ కుండ ఎంతుందో చూపించు."

వానమ్మ పొద్దుకు అడ్డంగా వచ్చి నిలబడింది. కుండ నీడ కింద మైదానంలో నల్లగా, గుండ్రంగా పడింది.

"త్వరగా కొలుచుకో. ఎక్కువసేపు నిలబడలేను!"

తిప్పక్క కొండ మీదనుంచి దూకినట్టే దిగింది. ఎవరి పొయ్యిలోదో బూడిద ఒడినిండా పోసుకుని, నీడ అంచు వెంబడి పరుగెత్తుతూ బూడిద జారవిడిచింది. ఆమె చుట్టు తిరిగి మొదటికి వచ్చేసరికి నీడ కదిలిపోయింది. నేలమీద తెల్లటి గీత మిగిలింది.

"వచ్చే పున్నమినాడు ఇటే వస్తా. పొద్దుగూకేలోగా కుదురు ఉండాలి. లేకపోతే నా దారిన నేను పోతా" అని వానమ్మ కొండలు దాటిపోయింది.

ఊరంతా గీత చుట్టూ చేరింది. అందరికంటే పెద్దది ఓబమ్మవ్వ. ఆమె కర్ర ఊతతో గీత చుట్టూ నడిచి, నేలను కళ్లకద్దుకుంది.

"ఇది ఉత్త కుదురు కాదురా, గుడి. అమ్మవారు కాలు మోపే చోటు. ఈ పనికి గడ్డపార తగలకూడదు, సుత్తి తగలకూడదు. రాయిని చీల్చకూడదు. ప్రతి రాయినీ నోటితో అడిగి తీసుకురావాలి. పక్కవాడితో పోట్లాట ఉన్నవాళ్లు ముందు అది తెంచుకుని, తర్వాత తాడు పట్టుకోండి."

ఆ మాటకు సగం ఊరు తలొంచుకుంది. గట్టు తగాదాలు, కోళ్ల తగాదాలు, ఎందుకొచ్చాయో మరిచిపోయిన తగాదాలు. ఆ పూటంతా వాటికే సరిపోయింది.

మర్నాడు తిప్పక్క మొదటి గుండు దగ్గరికి పోయి దండం పెట్టింది.

"రాయి సామీ, వానమ్మ కుండకు కుదురు కడుతున్నాం. వస్తావా?"

గుండు లోపలెక్కడో గరగరమంది.

"మీ తాతలూ ముత్తాతలూ మా దగ్గరికి ఎప్పుడొచ్చినా సుత్తితోనే వచ్చారు. నోటితో అడిగింది నువ్వొక్కదానివే. పద. కానీ నాకు నడక రాదు, మీరే లాగాలి."

సుంకన్న కిత్తనారతో తాళ్లు పేనాడు. అరచేతులు పగిలినా పేనడం ఆపలేదు. ఊరంతా తాడు పట్టింది. తిప్పక్క పాట అందుకుంది.

"కదలవే గుండమ్మ, కదలవే!"

"కదిలె, కదిలె!"

"వానమ్మ వస్తాది, కదలవే!"

"కదిలె, కదిలె!"

ఆ పాట విని గుహలోంచి ఎలుగుబంటి బయటికి వచ్చింది. "ఏందీ గోల? పడుకోనివ్వరా?" అని కసిరింది.

"వానొస్తే ఇప్పచెట్లు పూస్తాయి. ఇప్పచెట్లు పూస్తే పువ్వులు తినేది ఎవరో?" అంది తిప్పక్క.

ఎలుగుబంటి ముక్కు గోక్కుంది. ఆలోచించింది. తర్వాత గుండు వెనక్కి పోయి భుజం ఆనించి తోసింది. ఎంత గట్టిగా తోసిందంటే, ముందు తాడు పట్టుకున్నవాళ్లంతా ఒకరి మీద ఒకరు బోర్లాపడ్డారు.

గీత మీద ఒక్కో రాయే నిలిచింది. కొన్ని పొడుగు, కొన్ని పొట్టి, ఒకటి గూనిది. నిలిచిన ప్రతి రాయికీ పసుపు పూయాలి. పసుపు కలపడానికి ఊళ్లో చుక్క నీళ్లు లేవు. ఓబమ్మవ్వ తాడు లాగినవాళ్ల నుదుటి చెమట అరచేత్తో తుడిచి తీసుకుని, దాంతోనే కలిపి పూసింది. ఎలుగుబంటి చెమట కూడా తీసుకుంది.

పున్నమి వచ్చింది. ఇంకొక్క రాయి. తూర్పువైపు ఒక్క సందు మిగిలింది. అక్కడికి అన్నిటికంటే పెద్దదైన ఏనుగుగుండు రావాలి. "నేనొస్తాను తిప్పక్కా, నాకూ వాన చూడాలని ఉంది" అని అది ముందే మాటిచ్చింది.

పొద్దు వాలుతుండగా ఏనుగుగుండును కొండవాలు మీదికి తెచ్చారు. మెల్లగా దింపుతున్నారు. అంతలో తాడు ఫట్‌మని తెగింది.

గుండు దొర్లింది. దుమ్ము లేచింది. లోయలో పెద్ద చప్పుడు.

అందరూ పరుగెత్తి వంగి చూశారు. ఏనుగుగుండు రెండు చెక్కలై పడి ఉంది.

"రాలేకపోయానే తిప్పక్కా" అని మూలిగింది.

సుంకన్న తెగిన తాడు చేత పట్టుకుని కూలబడిపోయాడు. సరిగ్గా అప్పుడే తూర్పున నల్లగా మబ్బు లేచింది. వానమ్మ వచ్చేసింది!

"కుదురు అయిందా? నా మెడ విరిగిపోతోంది! దించేస్తున్నా!"

"ఆగమ్మా! ఒక్క సందు ఉంది!"

"ఆగలేనే! చేతులు జారుతున్నాయి! ఇటు దించాలి, లేదా సముద్రానికి తిరిగిపోవాలి. చెప్పు!"

తిప్పక్క సందు వైపు చూసింది. ఒక్క ఉరుకున పోయి అందులో నిలబడింది. చేతులు పైకెత్తింది.

"దించమ్మా!" అంది.

సుంకన్న తాడు పారేసి ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. "నువ్వొక్కదానివి ఎట్లా మోస్తావు?" అన్నాడు. ఆ నెలంతా అతను ఆడిన మాట అదొక్కటే. వెనకే ఊరంతా వచ్చింది. ఓబమ్మవ్వ కర్ర పక్కన పెట్టి తన చేతులూ ఎత్తింది. ఎలుగుబంటి వెనక్కాళ్ల మీద లేచింది.

కుండ దిగింది. రాళ్లు గట్టిగా కాచుకున్నాయి. సందు దగ్గర మాత్రం బరువంతా మనుషుల మీద పడింది. పాదాలు నేలలోకి దిగాయి. కుండ ఆ పక్కకు ఒరగసాగింది.

అప్పుడే పడమట పొద్దుగూకింది. తూర్పున, సరిగ్గా ఆ సందు వెనకాలే, పున్నమి చందమామ కొండ మీద తల ఎత్తాడు.

"అయ్యో! నలిగిపోతారు! తప్పుకోండి!" అని అరిచాడు.

"తప్పుకుంటే కుండ పగులుతుంది!" అంది తిప్పక్క పళ్లు బిగించి. "చూస్తూ నిలబడతావేం? వచ్చి భుజం పట్టు మామా!"

"ఏమన్నావు?"

"మామా అన్నా! పిల్లలకు బువ్వ పెట్టేటప్పుడు నిన్ను చూపించి రోజూ అదే మాట అంటాం. రా మామా!"

తనకొక పిలుపు ఉందనీ, కింద ఇందరు పిల్లలకు తాను మామననీ చందమామకు అప్పుడే తెలిసింది. కొండ మీదనుంచి ఒక్క దూకు దూకాడు. తెల్లటి బండలాగా వచ్చి సందులో నిలబడి, వీపు ఆనించి, కుండను ఎత్తిపట్టాడు.

కుండ ఒకసారి ఊగింది. ఇంకోసారి ఊగింది. కుదురుకుంది.

వానమ్మ మెల్లగా చేతులు వదిలింది. మెడ నిటారుగా ఎత్తింది. పుట్టినప్పటినుంచీ మొదటిసారి ఆమె ఆకాశాన్ని చూసింది. చూసి నవ్వింది. ఆ నవ్వుకు కొండలన్నీ దద్దరిల్లాయి.

తర్వాత దోసిలి ముంచి పోసింది. మళ్లీ ముంచి పోసింది. తొణుకు చినుకులు కాదు, తడబాటు వరద కాదు. తల్లి పిల్లలకు నీళ్లు పోసినట్టు, తీరికగా, నింపాదిగా పోసింది. రాళ్లమీది పసుపు కారి నేలంతా పచ్చబడింది. డప్పులు మోగాయి. తిప్పక్క పాడింది, ఊరంతా చేతులు పట్టుకుని రాళ్ల చుట్టూ ఆడింది. సుంకన్న గంతులేశాడు. పసిపిల్లలు నోళ్లు తెరిచి నిలబడ్డారు. లోయలో ఏనుగుగుండు రెండు చెక్కలూ రెండు తొట్లలా నిండితే మేకలు కడుపారా తాగాయి. "చూశా తిప్పక్కా, వాన చూశా!" అని అది కిందినుంచి కేక వేసింది.

కుండ సగమై తేలికపడ్డాక ఊరివాళ్లు ఏనుగుగుండును అడిగి, దాని పెద్ద చెక్కను పైకి లాగి సందులో నిలిపారు. చందమామ పక్కకు తప్పుకున్నాడు. ఆయన తన దారిన పైకి పోవాలి. కానీ కాలు కదలలేదు.

"నా కుండ కాచావు. ఏం కావాలో అడుగు నాయనా" అంది వానమ్మ.

"ఇంతసేపూ నాకు అటొక రాయి, ఇటొక రాయి తోడున్నాయి" అన్నాడు చందమామ. "పైకి పోతే మళ్లీ నేనొక్కణ్ణే. నా చుట్టూ కూడా ఇట్లాంటి గుడి ఉంటే బాగుండు."

వానమ్మ కుండలో చెయ్యి పెట్టి, గుప్పెడు సన్నటి తుంపర తీసి ఆయన చుట్టూ విసిరింది. ఆ తుంపర కింద పడలేదు. కింద రాళ్లు నిలిచినట్టే ఆయన చుట్టూ గుండ్రంగా నిలిచి మెరిసింది.

"ఇదిగో నీ గుడి. నేను బయలుదేరినప్పుడల్లా ముందు నీకు గుడి కట్టే వస్తాను. నీ వాళ్లు చూసి, నేనొస్తున్నానని తెలుసుకుంటారు" అంది.

"ఎంత దూరంలో ఉన్నావో తెలిసేదెట్లా అమ్మా?" అని అడిగింది తిప్పక్క.

"నేను దూరాన ఉంటే చందమామకు దగ్గరగా చిన్న గుడి కడతా. నేను దగ్గరికొస్తే ఆయనకు దూరంగా పెద్ద గుడి కడతా. చాలా?"

"చాలమ్మా!" అంది ఊరంతా ఒక్క గొంతుతో.

చందమామ తన గుడితో పైకి లేచాడు. చుక్కలు గుసగుసలు మాని ఆయన్నే చూశాయి.

అప్పటినుంచే, వాన బయలుదేరిందంటే చాలు, చందమామ చుట్టూ గుండ్రంగా గుడి కడుతుంది. దగ్గర గుడి కడితే దూరాన వాన, దూరాన గుడి కడితే దగ్గరే వాన. ఈనాటికీ ఆ గుడి కనబడితే రైతులు ఇంట్లోవాళ్లను పిలిచి చూపించి, విత్తనాల మూటలు విప్పుతారు.