తాడు రెండో కొస

"మళ్లీ వచ్చావా?" అంది ఎలుగు ఈదమ్మ.

"రాక ఏం చెయ్యను అత్తా? అడవి పెద్దాయనది. మీరేమో నడిమధ్యలో ఏడు గుహలు పట్టుకుని కూర్చున్నారు. ఖాళీ చెయ్యమని మా తాత మీ అమ్మకి చెప్పాడు, మా నాయన నీకు చెప్పాడు, ఇప్పుడు నేను చెబుతున్నా," అన్నాడు నక్కయ్య. వాడికి ముందు పన్ను ఒకటి లేదు. నవ్వితే ఆ సందులోంచి నాలుక కనపడుద్ది.

"పెద్దాయన ముత్తాత ఈ అడవికి కొత్తగా వచ్చినప్పుడు నీళ్లెక్కడున్నాయో చూపించింది మావాళ్లేరా. మేం ముందు, మీ ఆయన తర్వాత."

"ఆ ముక్క ఆయన పంజాకి చెప్పు."

పెద్దాయనంటే పెద్దపులి. ఆ అడవిలో పులి అని ఎవరూ పైకి అనరు. అడవంతా ఇక తమదేనని పులులు అన్నాక జింకలూ దుప్పులూ ముళ్లపందులూ, పెద్దాయన్ని అంటిపెట్టుకున్న నక్కలూ తప్ప మిగతా గుంపులన్నీ మూటాముల్లే సర్దుకుని పోయినయ్. ఏడు గుహల పెంటలో, అంటే ఆ గూడెంలో, ఎలుగులు మాత్రం పోలా. వాళ్లకో ఒప్పందం ఉంది. ముళ్లపంది ముళ్లు గుచ్చుకుని పెద్దాయనకి ఏటా కాలు చీము పట్టుద్ది. ఆ పుండుకి కొండచరియ తేనె తప్ప మందు లేదు. ఎండాకాలం మొదటి తేనెపట్టు ఆయనది. అది అందినంత కాలం పెంట ఉంటది. అందకపోతే ఉండదు.

"ఇవాళ పొద్దు గూకే లోపల పట్టు కావాలంట," అన్నాడు నక్కయ్య. "కాలు ఇంత లావున వాచింది. లేకపోతే తనే వస్తానన్నాడు. పెంటకి."

పెంటలో మగాళ్లు లేరు. అవతలి కొండ మీద ఇప్పపూలు కుప్పలుగా రాలినయ్ అని చెప్పి కొడుకు గురవడినీ, అల్లుడు అంకన్ననీ, మిగతావాళ్లనీ నిన్న తోలింది ఈ నక్కయ్యే. ఉన్నది కళ్లు కనపడని ముసలివాళ్లు, పాలు మానని పిల్లలు.

"ఈ సంగతి నిన్న ఎందుకు చెప్పలా?"

"నిన్న కడుపునొప్పి అత్తా."

"గుహలు ఖాళీ అయితే మీవాళ్లే గదా చేరేది."

"చేరితే చేరతారు. రాళ్లు ఊరికే ఉండటం దేనికి?"

ఈదమ్మ పొద్దు వంక చూసింది. "నేనే చరియ దిగుతా," అంది.

"మరి తాడు ఎవరు పడతారు?" అని వాడే అడిగాడు, "నేనున్నాగా," అని వాడే చెప్పాడు.

పెంటలో తాడు పట్టేది దిగేవాడి పెళ్లాం తోడబుట్టినవాడే. కిందవాడు పడి చస్తే ముండమోసి ఇంటికొచ్చేది వాడి అక్కచెల్లెలే, పిల్లల్ని సాకాల్సింది వాడే. అందుకని చచ్చినా వదలడు. ఈదమ్మ మొగుడు దిగిన రోజు బావమరిదికి జ్వరం, మొగుడి సొంత తమ్ముడు పట్టాడు. "తేలు కుట్టింది వదినా, చెయ్యి జారింది," అన్నాడు. ఒంటి మీద కాటు ఎక్కడా లేదు. ఏడుపులు ఆగకముందే అన్న గుహలో ఆకులు పరుచుకుని పడుకున్నాడు. ఆ తర్వాత ఈదమ్మ ఇంకో కట్టుబాటు పెట్టింది. తాడు చెట్టుకి ఒక చుట్టు తిప్పాలి, రెండో కొస పట్టేవాడి నడుముకి కట్టాలి. కిందవాడు పడితే పైవాడు మానుకి గుద్దుకుని నుజ్జయిపోతాడు.

"నడుముకి కట్టుకుంటావా?" అని అడిగింది.

"ఓ, దాందేముంది. గట్టిగానే కట్టు అత్తా."

అప్పుడు ఈదమ్మకి అనుమానం వచ్చింది. నడుముకి అనంగానే సరేనన్నవాడు ఇంతవరకు లేడు. కన్నకొడుకు గూడా ఆ మాటకి తల గోక్కున్నాడు.

వాకిట్లో వేలాడే తీగతాడు దించి, వీపు అటు తిప్పి, కొస నుంచి కొస దాకా తడిమింది. మధ్యలో ఒకచోట మట్టి మెత్తి ఉంది. మట్టి గీకింది. పురులు కొరికేసి ఉన్నయ్, రెండు పోగులు మిగిలినయ్. కొరికిన గాట్ల నడుమ ఒక పన్ను సందు. తాడు మధ్యలో తెగితే నడుముకున్న కొస వాణ్ని లాగదు.

అరవబోయింది. ఆగింది. అరిస్తే వీడు పారిపోతాడు. వీడు పోతే తాడు పట్టేవాడు లేడు, తేనె లేదు. పొద్దేమో కొండ మీదికి వాలుతోంది. కింద లోయలో ఎక్కడో పెద్దాయన దగ్గాడు. గుహలో పిల్లలు చప్పున ఊరుకున్నారు.

"ఏంది అత్తా ఆలస్యం?"

"పురి సరిచేస్తున్నాలేరా."

కొరికిన ముక్క తెంపి చంకలో పెట్టుకుంది. తెగిన రెండు కొసలూ కలిపి ముడేసింది. ఒక ముడి చాల్లేదు, ఇంకోటి వేసింది. ఒక కొస తను కట్టుకుని, తాడు చెట్టుకి ఒక చుట్టు తిప్పి, రెండో కొస వాడి నడుముకి కట్టి, ముడి వీపు మీదికి తిప్పి, కొండ అంచు నుంచి జారింది.

దిగేటప్పుడు కిందికి చూడగూడదు. ఈదమ్మ చూసింది. మొగుడు పడిన బండ అక్కడే ఉంది. తాడు కిర్రుమంది. ముడి నిలబడుద్దో లేదో ఆమెకీ తెలీదు.

పైన నక్కయ్య చెవులు నిక్కించి కూర్చున్నాడు, తాడు తెగిన చప్పుడు కోసం. చప్పుడు రాలా.

"అత్తా, ఉన్నావా?"

"ఉన్నా."

కాసేపటికి మళ్లీ, "ఇంకా ఉన్నావా?"

"ఎందుకురా అంత బెంగ? తాడు ఇనుములా ఉంది. తెగిన ముక్క నా చంకలో ఉందిలే."

నక్కయ్య నడుము ముడి తడుముకున్నాడు. ముడి వీపు మీద ఉంది, పన్ను అందదు. ముందున్న తాడు కొరుకుదామని నోరు తెరిచాడు. అప్పుడే ఈదమ్మ పట్టు పీకింది. తేనెటీగలు పొగలా పైకి లేచినయ్. ఎలుగు బొచ్చు వాటికి అలవాటే. నక్క మూతి కొత్త. ముక్కు మీద, పెదాల మీద, కంటి రెప్పల మీద వాలినయ్. నోరు వాచి తాడు పళ్లకి అందలా.

"అత్తా, పైకి రా."

"లాగితేగా వచ్చేది."

ఈగల నుంచి వాడు ప్రాణభయంతో పరిగెత్తాడు. వాడు ఎంత దూరం పరిగెత్తితే ఈదమ్మ అంత పైకొచ్చింది. పట్టు భుజాన వేసుకుని అంచు ఎక్కేసరికి గడ్డి కదిలింది. పెద్దాయన మూడు కాళ్ల మీద నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో ఎవరికీ తెలీదు.

"తేనె రాదని చెప్పావే," అన్నాడు నక్కయ్యతో. గొంతు మెల్లగానే ఉంది.

ఈదమ్మ పట్టు ముందు పెట్టింది. దాని పక్కన తాడు ముక్క పెట్టింది. "అయ్యా, నేను పడితే నాతోపాటు మీ మందూ పోయేది. ఆ గాట్లు ఎవరివో మీరే చూసుకోండి."

పెద్దాయన ముక్క వాసన చూశాడు. సందు చూశాడు.

"నోరు తెరువు."

వాచిన నోరు తెరవలేకపోయాడు నక్కయ్య. పెద్దాయన తెరిపించాడు.

తర్వాత ఈదమ్మ వైపు తిరిగాడు. "పెంట ఉంటది," అన్నాడు. "వచ్చే ఎండాకాలం దాకా."

ఈదమ్మ వెలుతురుండగానే పిల్లల్ని లోపలికి తోలి, కొడుకూ అల్లుడూ తిరిగొచ్చేదాకా వాకిట్లో అడ్డంగా కూర్చుంది. ఆమె ఎప్పుడూ చెప్పేది ఒకటే: పట్టేవాడి మంచితనం కాదు, వాడి నడుముకి ఏముందో చూసుకుని దిగండి.

ఆ అబద్ధానికి నక్కయ్య పెద్దాయనకి అక్కడికక్కడే కట్టిన జరిమానా: ఎడమ చెవి, జానా బెత్తెడు తోక.