వేడి వదలని పొయ్యి

హైమవతికి మూడేళ్లుగా ఒకటే పట్టుదల. బెల్లం పొయ్యిలో పుట్టిన వేడి రవ్వంత కూడా వృథా పోకూడదు.

ఆమె ప్రొఫెసర్ సదాశివం గారి దగ్గర పరిశోధన చేస్తోంది. ఆయన ఒకప్పుడు థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఇంజనీరు. చిమ్నీల్లోంచి ఆకాశంలోకి పోయే వేడిని చూసి చూసి మనసు ఒప్పక, ఆ ఉద్యోగం వదిలేసి పాఠాలు చెప్పడానికి వచ్చారు. ఈ ముప్ఫై ఏళ్లలో గాలిమర పంపులు కట్టారు, చేపలు ఎండబెట్టే సోలార్ పెట్టెలు చేశారు. వాటిలో కొన్ని పనిచేశాయి, కొన్ని చెయ్యలేదు. రెండు రకాల కథలనీ క్లాసులో ఒకే హుషారుతో చెప్పేవారు.

అనకాపల్లి చుట్టుపక్కల బెల్లం వండేవాళ్లు చెరకు పిప్పినే పొయ్యిలో వేస్తారు. పాత పొయ్యిలు దాన్ని గంపలకొద్దీ మింగేస్తాయి. పిప్పి చాలనినాడు కొందరు పాత టైర్లు కూడా వేసేస్తారు. ఆ నల్లటి పొగ మధ్యే రోజంతా పని. అందుకే హైమవతి కొత్త పొయ్యి గీసింది. గోడల్లో రెండు వరసల ఇటుకలు, మధ్యలో బూడిద. లోపలి వేడి బయటికి రాదు. కంప్యూటర్ లెక్క ప్రకారం మూడోవంతు పిప్పి మిగలాలి.

నూకరాజు అనే బెల్లం రైతు తన పాత పొయ్యి తీసేసి ఆ కొత్తదాన్ని కట్టనిచ్చాడు. వంట రోజున తెల్లవారగానే ఊరు సగం అక్కడే ఉంది.

రసం కాగే పెద్ద పెనం కింద, మనిషి నడుము లోతు గోతిలో కూర్చుని సన్యాసమ్మ మంట వెయ్యడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్లుగా ఆమెకి అదే పని. నాలుగు పిడికిళ్ల పిప్పికే మంట గుప్పుమని లేచింది.

"ఓలమ్మో! ఇదేటి, ఇంత జోరు!" అంది సన్యాసమ్మ.

చెరకు రసం ఎప్పటికన్నా ముందే పొంగింది. హైమవతి వేడి కొలిచే మీటర్లు చూసుకుంటూ అటూ ఇటూ పరుగులు పెడుతోంది. మూడోవంతు కాదు, అంతకన్నా ఎక్కువే మిగిలేట్టుంది. "సార్, చూశారా? చూశారా!" అని పదిసార్లు అడిగింది. ఆయన పదిసార్లూ "చూశానమ్మా" అన్నారు.

పాకం చిక్కబడింది. నూకరాజు ఒక చుక్క నీళ్లలో వేసి, వేళ్ల మధ్య ఉండ కట్టి చూశాడు.

"వచ్చీసింది! మంట ఆపీయండి!"

మంట ఆగింది. పాకం మాత్రం ఆగలేదు. కుతకుతా ఉడుకుతూనే ఉంది. నలుగురు మనుషులు కర్రలు దూర్చి పెనం ఎత్తేలోపు మాడువాసన కమ్ముకుంది. తొట్టిలోకి ఒంపిన పాకం తారులా ఉంది.

హైమవతి ముఖం ఎర్రబడింది.

"పొయ్యి తప్పేం లేదు సార్. ఆవిడ ఆలస్యంగా ఆపింది."

సన్యాసమ్మ ఆ మాట విన్నది. గోతిలోంచి పైకొచ్చి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

సదాశివం గారు పొయ్యి దగ్గరికి వచ్చారు. చెప్పులు విప్పారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచారు. గోతిలోకి దిగి, సన్యాసమ్మ కూర్చున్న చోటే కూర్చున్నారు.

"అమ్మా, ఈసారి మంట నేను వేస్తాను. ఎలా వెయ్యాలో నువ్వు చెప్పు."

"సార్, మీరెందుకు?" అని హైమవతి కంగారుపడింది.

"ఇంకో పెనం మాడిందంటే నా పాత పొయ్యి నాకు కట్టించీయాల మరి," అన్నాడు నూకరాజు. అయినా సగం పెనం రసం పోశాడు.

సన్యాసమ్మ మొదట నవ్వింది. తరవాత పనిలో పడి నవ్వు మరిచిపోయింది.

"అలా కాదు బాబూ! పల్చగా జల్లాల. కుక్కీకూడదు! ఇటు పక్క... ఇటు! సాలు, సాలన్నానా! సెవులు ఇనబడవేటి?"

"వినబడుతున్నాయమ్మా," అంటూ ఆయన తలంతా మసి చేసుకుని, కళ్లలోంచి నీళ్లు కారుతుంటే పిప్పి జల్లుతున్నారు. వచ్చే ఏడు రిటైరయ్యే మనిషి. జనం పగలబడి నవ్వుతున్నారు. హైమవతి ఒక్కతే నవ్వలేకపోయింది. మీటరు ముందు కూర్చుని అంకెలకేసి చూస్తోంది.

పాకం చిక్కబడుతోంది. నూకరాజు ఇంకా నీళ్లలో చుక్క వెయ్యనేలేదు. సన్యాసమ్మ పెనం మీది బుడగలను చూసి ముందే అరిచింది:

"ఆపీ బాబూ!"

సదాశివం గారు ఆ క్షణమే ఆపారు. ఆపి, ఖాళీ చేతులు రెండూ గోతిలోంచి పైకెత్తి హైమవతికి చూపించారు.

హైమవతి ఆ చేతులు చూసింది. మీటరు చూసింది. అంకె ఇంకా పైకే పోతోంది.

ఒక్క ఉదుటున లేచింది. పక్కనున్న గునపం అందుకుని, పెనం కింద తను కట్టించిన గోడనే పొడిచింది. ఒక ఇటుక ఊడింది. ఇంకొకటి. నాలుగు ఇటుకలు ఊడేసరికి చల్లగాలి హోరుమని లోపలికి దూరింది. మీటరులో అంకె ఆగింది. ఒకటి దిగింది. మూడు దిగింది.

"తగ్గుతోంది! సార్, తగ్గుతోంది!"

పెనం మీద బుడగలు సద్దుమణిగాయి. నూకరాజు చుక్క వేసి చూసి, "ఎత్తండెత్తండి!" అని గావుకేక పెట్టాడు. ఈసారి తొట్టిలోకి దిగిన పాకం తేనె రంగులో ఉంది. కాసేపటికి అది గట్టిపడుతుంటే చంటిపిల్లని చూసినట్టు అందరూ చుట్టూ మూగి చూశారు.

సన్యాసమ్మ గోడలోని కంతను వంగి పరీక్షగా చూసింది.

"దీనికో రేకు తలుపు పెట్టీయండి పాపా. మంటేసినప్పుడు మూసీసుకుంటాను. ఒదలాల్సినప్పుడు తీసీసుకుంటాను."

హైమవతి నోటుపుస్తకం తెరిచింది. పొయ్యి బొమ్మలో ఆ తలుపు గీసింది. పక్కన ఏదో రాయబోయి ఆగి అడిగింది.

"మీ ఇంటిపేరేంటమ్మా?"

"నా ఇంటిపేరెందుకు పాపా?"

"కావాలి. ఇందాక నేనన్న మాట తప్పు."

సన్యాసమ్మ చెప్పింది. హైమవతి తలుపు బొమ్మ పక్కన ఆ పేరు పూర్తిగా రాసింది.

అప్పటికి సదాశివం గారు పంపు దగ్గర ముఖం కడుక్కుని వచ్చి, వేడి బెల్లం ముక్క ఊదుకుంటూ తింటున్నారు. హైమవతి దగ్గరికెళ్లి నెమ్మదిగా అడిగింది.

"సార్, పొయ్యి వేడి వదలట్లేదని మీకు ముందే తెలుసు కదూ?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు.

"తెలియదమ్మా. తెలిస్తే గోతిలోకి ఎందుకు దిగుతాను?"