మా వల్ల, మన వల్ల

రేగుకోన అడవిలో కుందేళ్లు, ఉడతలు, ముంగిసలు, ఒక నక్క, ఒక ముసలి తాబేలు ఉండేవి. ఒకప్పుడు ఏనుగులు కూడా ఉండేవి. అవి ఎప్పుడో వలసపోయాయి.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. మడుగు ఎండి, అడుగున బురద కూడా బీటలు వారింది. కొండ అవతల మాత్రం నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించేది. కొండలో ఒక చీలిక ఉంది. అయినా అటు ఎవరూ వెళ్లేవారు కాదు. "దాన్ని దాటడం మన వల్ల కాదు" అని పెద్ద ఏనుగు చెప్పిందట. కూనలు కళ్లు తెరవగానే వాటికి మొదట నేర్పేది ఆ మాటే.

దూదమ్మ అనే కుందేలుకు ఇద్దరు పిల్లలు. పెద్దది దాహంతో సోలిపోతుంటే తల్లి ప్రాణం కొట్టుకులాడింది.

"ఒక్కసారి వెళ్లి చూసొస్తాను" అంది.

నక్క పకపకా నవ్వింది. "అంతటి ఏనుగే చేతులెత్తేసింది. నువ్వెంత, నీ బతుకెంత?"

దూదమ్మ సిగ్గుతో తల దించుకుని పొదలోకి వెళ్లిపోయింది. తెల్లారేసరికి పెద్దపిల్ల చనిపోయింది.

ఏడుద్దామన్నా ఆమెకు కన్నీళ్లు రాలేదు. పలకరించడానికి తాబేలు వచ్చింది.

"అమ్మా, ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. ఏనుగు ఆ చీలికలో తన భుజాలు పట్టక వెనక్కి వచ్చి, 'మా వల్ల కాదర్రా' అంది. 'మన' అనలేదు."

"మరి ఎవరికీ చెప్పలేదా అవ్వా?"

"చెప్పాను. మెల్లగా నడిచేదాని మాట ఎవరు వింటారు?"

దూదమ్మ చిన్నపిల్లను నోట కరుచుకుని చీలికలోకి దూరింది. చెవులు కూడా రాతికి తగల్లేదు. నాలుగు గెంతులు వేసేసరికి ఎదురుగా నీళ్లు! చిన్నది గుటగుటా తాగింది. దూదమ్మ మాత్రం ఆ గట్టు మీదే కూలబడిపోయింది. ఆ నాలుగు గెంతులు నిన్న పెద్దది కూడా వేయగలిగేది.

ఆమె పిలుపు విని మిగతా జంతువులన్నీ వచ్చాయి. నక్క మాత్రం రాలేదు. అన్న మాట వెనక్కి తీసుకోవడానికి దానికి నామోషీ అయింది. చివరికి ప్రాణం మీదికి వచ్చాక పాక్కుంటూ వచ్చి, చీలిక ముందే పడిపోయింది. మళ్లీ లేవలేదు.

ఇప్పుడు రేగుకోనలో కూనలకు 'మన వల్ల కాదు' అన్న మాట ఎవరూ నేర్పరు. దూదమ్మ రోజూ నీళ్లకు వెళ్తుంది. తాగే ముందు, వెనకాల ఇంకెవరో రావాలన్నట్టు, ఒకసారి చీలిక వైపు చూస్తుంది.

నీతి: ఒకరు 'మా వల్ల కాదు' అంటే, దాన్ని 'మన వల్ల కాదు' అని వినకూడదు.