గొంతు లేని ఎర్ర కారు

ఆదోని అవతల నూనె మిల్లు నడిపే చెన్నబసప్పగారికి కార్ల పిచ్చి. ఆ పిచ్చి ఆయనతో ఆగితే బాగుండేది. రేకుల షెడ్డులో కాపురముండే జంతువులకూ అంటుకుంది. షెడ్డులో ఒక మూల ముసలి తెల్ల కారు, ఇంకో మూల మొన్ననే దిగిన ఎర్ర కరెంటు కారు. అది దిగిన రోజు నుంచి అక్కడ ఒకరి మాట ఒకరికి పడితే ఒట్టు.

"ఇదీ ఒక కారేనా?" అన్నాడు కాపలా కుక్క ఉరుకుందప్ప. పదేళ్ళుగా దారిన పోయే ప్రతి బండినీ తరిమిన అనుభవం అతనిది. "కారంటే గొంతుండాలి. ముందు గాలి పీల్చే ఇనప జాలీ ఉండాలి, జాలీ వెనక ఉడుకుండాలి. దీనికి ముక్కూ లేదు, నోరూ లేదు. తలుపు పిడులు కూడా లోపలికి దాచుకుంది. ఈ కాలం కార్లన్నీ ఇంతే, ఒకే రేకులో దిగిన ఇడ్లీలు!"

"లోపల మంటే లేనప్పుడు ముక్కెందుకు మామా?" అని పందికొక్కు సుంకన్న కిచకిచా నవ్వాడు. "గాలిని కోసుకుంటూ పోవడానికి అలా చేశారు. నువ్వు నోరు తెరిచేలోపు అది ఊరు దాటుతుంది. నీ మొరుగు నీ గొంతులోనే ఉండిపోతుంది."

"దాటనీ! తరిమేవాడికి వినబడని బండి ఎంత పరిగెత్తితే ఏం లాభం?"

ఈ రభస మల్లక్క చెవికెక్కడం లేదు. మల్లక్క పిల్లి. ఈని ఆరు రోజులైంది. కళ్ళు తెరవని ముగ్గురు పిల్లలతో తెల్ల కారు కింద పడుకుని ఉంది. ఆ కారు బయల్దేరే ముందు మూడుసార్లు దగ్గుతుంది. ఒక్కో దగ్గుకు ఒక్కో పిల్లను నోట కరిచి పక్కకు చేర్చేది. ఎవరేమన్నా ఆమెకు నచ్చిన కారు అదే. కానీ నిన్న మధ్యాహ్నం ఒక గండుపిల్లి ఆ కారు కిందికే వచ్చింది. దాన్ని తరిమేసరికి మల్లక్క చెవి చీలింది. అది మళ్ళీ వస్తుందని ఆమెకు తెలుసు. అప్పట్నుంచి గడ్డిపోచ కదిలినా చెవులు నిక్కపెడుతోంది.

ఇక సుంకన్న బాధ వేరు. తెల్ల కారు వెనక గోడకు ఒక కన్నం, కన్నం అవతల గోదాములో వేరుశనగ మూటలు. మామూలు రోజుల్లో పందికొక్కును చూస్తే పిల్లే తప్పుకుపోతుంది. ఈనిన పిల్లిని దాటడం మాత్రం ఎవడి తరం? ఆరు రోజులుగా ఆ వాసన పీలుస్తూ వాడు లొట్టలేస్తున్నాడు.

"మల్లక్కా," అన్నాడు గొంతులో తేనె పోసుకుని, "ఈ పాతదాని కింద ఎన్నాళ్ళుంటావు? పొగకు పిల్లలు దగ్గుతున్నారు, పైనుంచి నూనె బొట్లు. ఆ ఎర్రదాని కింద చూడు, పొగ లేదు, వేడి లేదు. ఎంత కిందికి ఉందంటే గండుపిల్లి బుర్ర కూడా దూరదు. నువ్వు బక్కదానివి, దూరిపోతావు."

ఆ గండుపిల్లి మాట మల్లక్కకు తగలాల్సిన చోట తగిలింది. "మరి అది కదిలితే ఎలా తెలుస్తుంది సుంకన్నా?"

"కదిలే ముందు గోడ నుంచి కరెంటు తీగ ఊడదీస్తారు. నేనిక్కడే ఉంటాగా! తీగ తీయగానే కీచుమని అరుస్తా."

"వద్దే మల్లీ," అన్నాడు ఉరుకుందప్ప. "అరవనిదాన్ని నమ్మకు."

మల్లక్క ఎటూ తేల్చుకోలేకపోయింది. ఉరుకుందప్ప మంచివాడే. కానీ కారు అద్దం మీద వాన తుడిచే పుల్లలు మారినా గోల చేస్తాడు, దీపాలు సన్నబడినా గోల చేస్తాడు. రోజూ అరిచే నోటిలో ఏ మాట నిజమని ఏరుకోవడం? ఈలోగా గండుపిల్లి గోడ మీద కనబడనే కనబడింది. ఇంకేముంది, పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, రెండో ఇల్లు ఎర్ర కారు కిందికి మారింది.

మారిందే గానీ కంటి మీద కునుకు లేదు. దగ్గు వినబడుతుందేమోనని వింటుంది, దీనికి దగ్గు లేదని గుర్తొచ్చి ఉలిక్కిపడుతుంది. తెల్లవారేసరికి ఆకలికి పాలు ఇంకిపోయాయి. వంటింటి మెట్టు మీద గిన్నెలో పాలు పోసి ఉన్నాయి.

"సుంకన్నా, చూస్తుంటావుగా?"

"ఎంత మాటక్కా! నీ పిల్లలు నా పిల్లలు కారూ?"

నాలుగు గుక్కలు తాగిందో లేదో, మనసు కీడు శంకించింది. వెనక్కి తిరిగింది. తీగ నేల మీద పడి ఉంది. సుంకన్న లేడు. చెన్నబసప్పగారు సీట్లో కూర్చుని ఉన్నారు. చప్పుడు లేదు, పొగ లేదు, చక్రం తిరుగుతోంది. ఆ చక్రం ముందుకు ఒక పిల్ల గుడ్డిగా పాకుతోంది.

మల్లక్కకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఎలా దూకిందో ఆమెకే తెలియదు. నున్నటి బానెట్టు మీద గోళ్ళు పట్టక జారిపోతూ, అద్దానికి మొహం ఆనించి, ఒళ్ళంతా గొంతు చేసుకుని అరిచింది. కారు ఆగింది. పిల్లకూ చక్రానికీ మధ్య జానెడు కూడా లేదు.

"ఏమే, నీకు పోయేకాలమా?" అంటూ దిగిన చెన్నబసప్పగారు కిందికి వంగి చూసి, "శివశివా!" అని చతికిలబడ్డారు. ముగ్గురినీ తువ్వాలులో ఎత్తుకున్నారు. మల్లక్క ఆయన కాళ్ళకు అడ్డం పడుతూ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ నడిచింది. గోనెసంచుల మీద పడుకోబెడదామని ఆయన గోదాము తలుపు తీశారు. లోపల చిరిగిన మూట, మూటలో సుంకన్న, మూతినిండా వేరుశనగ పప్పు.

"ఓరి నీ దుంపతెగ!"

ఆయన కాళ్ళ సందులోంచి సుంకన్న లగెత్తాడు. వెనకే ఉరుకుందప్ప. సుంకన్న ఎర్ర కారు కిందికి దూరాడు. ఉరుకుందప్ప తల పట్టలేదు.

"మామా, ఇప్పుడేమంటావు?" లోపల్నుంచి ఇకిలించాడు సుంకన్న. "ఆ ముసలిదయితే నన్ను ఈపాటికి లాగేసేవాడివి. దీని కింద నీ మూతి కూడా ఆడదు. అందుకే చెప్తున్నా, కొత్తదాని గొప్ప తెలుసుకోవాలంటే కాస్త బుర్ర..."

మాట నోట్లో ఉండగానే వాడి నెత్తిన వెలుతురు పడింది. పైకి చూస్తే షెడ్డు రేకులు. పిల్లల్ని సంచుల మీద దించి వచ్చిన చెన్నబసప్పగారితో ఎర్ర కారు అప్పటికే గేటు దాటుతోంది.

ఉరుకుందప్ప తీరిగ్గా ముందు కాళ్ళు చాపి కూర్చున్నాడు. "ఆగావేం అల్లుడూ? బుర్ర దాకా వచ్చావు. కానియ్యి, వింటున్నా."

గోదాములో మల్లక్క ముగ్గురినీ పొట్ట కిందికి లాక్కుని, బయట కీచుమన్న అరుపు విని మళ్ళీ ఒకసారి లెక్కపెట్టుకుంది.

కొత్తదైనా పాతదైనా, పొగిడేవాడికి దక్కేదేమిటో తెలుసుకోకుండా దాని నీడలో పిల్లల్ని పడుకోబెట్టకూడదు.