అంబలమ్మ గుట్టలో బాన వెలసిన వైనం

ముసలివాగు ఒడ్డున, ఎర్రసానిపాడుకు కూతవేటు దూరంలో ఉన్న అంబలమ్మ గుట్టకు మిట్టమధ్యాహ్నమే రావాలి. పొద్దున వస్తే తలుపులు తీయరు. సాయంత్రం వస్తే పూజారమ్మ తాళం వేసుకుని ఇంటికి వెళ్లిపోయి ఉంటుంది. ఎండ నెత్తి మాడ్చేస్తున్నప్పుడు మెట్లెక్కాలి కనుక చాలామంది కింద చెరుకురసం బండి దగ్గరే ఆగిపోతారు. ఆగినవారిని అమ్మ ఏమీ అనదు.

పైకి వచ్చినవారికి గర్భగుడిలో విగ్రహం కనిపించదు. మెడ దాకా నేలలో పూడిన పెద్ద మట్టి బాన ఒకటి, దాని మీద మట్టితో మెత్తిన మూత, అంతే. "అమ్మవారు ఏరండీ?" అని అడిగితే పూజారమ్మ బాన వైపు చెయ్యి చూపి ఊరుకుంటుంది. తరతరాలుగా ఈ గుడి కుమ్మరింటి ఆడవాళ్లదే. ఇప్పటి పూజారమ్మ మాట తక్కువ మనిషి. అందుకే ఈ చిన్న పుస్తకం వేయవలసి వచ్చింది.

పూర్వం ఇక్కడ గుడి లేదు, దేవుడూ లేడు. దేవుడికి ఇంకా ఎవరూ పేరు పెట్టని కాలం అది. ఉన్నవి రెండే: ఆకలి, చచ్చినవాళ్ల భయం. వాగుకు ఈ ఒడ్డున పశువులు కాచుకునే మందవారు, ఆ ఒడ్డున జొన్న పండించే చేనివారు ఉండేవారు. ఇంట్లో మనిషి పోతే ఎముకలు కుండలో పెట్టి, నేలలో దించి, చుట్టూ బండరాళ్లు పాతేవారు. ఎవరి చచ్చినవాళ్లు ఎక్కడ పడుకుంటే ఆ నేల వాళ్లది. అదే హద్దు, అదే చట్టం. అమావాస్య అమావాస్యకూ ఎవరివాళ్లకు వాళ్లు అంబలి పోసి రావాలి. పోయకపోతే వాళ్లే లేచి ఇంటికి వస్తారని నమ్మకం. ఒకరి మీద ఒకరికి ఎంత పగ ఉన్నా ఈ ఒక్క సంగతిలో రెండు ఒడ్లదీ ఒకటే మాట.

ఆ కుండలు చేసేది కొమిరె అనే కుమ్మరి మనిషి. మొగుడు ఏనాడో పోయాడు. తుమ్మెద అని ఒక్కగానొక్క కూతురు. రెండు ఒడ్ల వాళ్లకూ కుండలు చేసిపెట్టేది గానీ, తాను ఏ ఒడ్డుకూ చెందదు. ఆ సంగతి తుమ్మెద జ్వరంతో పోయిన నాడు ఆమెకు బాగా తెలిసివచ్చింది. మా వాళ్ల పక్కన వద్దు అన్నారు మందవారు. మా రాళ్ల లోపల వద్దు అన్నారు చేనివారు. కొమిరె వాగులో తాను మట్టి తవ్వుకునే గుంట అంచునే గొయ్యి తీసి, పిల్ల కుండను తన చేతులతోనే దించి వచ్చింది. ఆ రోజు నుంచి ఆమెకు అన్నం సయించలేదు.

ఇక ఆమె చేసిన తప్పు సంగతి. మెత్తగా సాగి, కాల్చినా పగలని మట్టి రెండు గట్లలోనూ సరిగ్గా ఆ బండరాళ్ల అడుగునే దొరికేది. చచ్చినవాళ్ల కుండలకు వాళ్ల కింది మట్టే మేలని కొమిరె అత్త నేర్పింది. అత్త తవ్వింది, కోడలూ తవ్వింది. ఆ ఏడు వాన విడవకుండా కొట్టింది. తెల్లారి చూస్తే అటు గట్టూ ఇటు గట్టూ విరిగి గుంటలోకి కూలి ఉన్నాయి. మందవారి కుండలు, చేనివారి కుండలు, మధ్యలో తుమ్మెద చిన్న కుండ, అన్నీ పగిలి, ఎముకలన్నీ ఒకే బురదలో కలిసిపోయాయి.

అక్కడినుంచి మొదలైంది. జనం పనుల మీద పోయి ఊరు ఖాళీగా ఉండే మధ్యాహ్నం వేళ పొయ్యి మీది కుండలు నాకినట్టు శుభ్రంగా ఉండేవి. గడప బయట దగ్గు వినిపించేది. మందవారి గడపలో చేనివారి ముసలాయన దగ్గు, చేనివారి గడపలో మందవారి బాలింత ఏడుపు. బతికుండగా వాగు దాటనివాళ్లు చచ్చాక ఇల్లిల్లూ తిరగసాగారు. పసిపిల్లలు గోడ వైపు చూసి నవ్వేవారు. పాలిచ్చే ఆవులు దూడలను దగ్గరికి రానివ్వలేదు.

మందవారి పెద్ద బీరడు, చేనివారి పెద్ద ముత్తడు, ఇద్దరూ ఈటెలు పట్టుకుని కొమిరె గుడిసె ముందుకు వచ్చారు.

"నీ చేతి కుండలే గదమ్మా, ఎవరివి ఎవరివో నీకు తెలుస్తాయి. అమావాస్యలోగా మావాళ్లను మాకు తీసిపెట్టు" అన్నాడు బీరడు.

"లేకపోతే వాగు గుంట నాదంటే నాదని మేమిద్దరం తెగబడక తప్పదు. ముందు నిన్నే అందులో పూడుస్తాం" అన్నాడు ముత్తడు. కోపంతో అన్నది కాదు. మర్యాదగానే చెప్పాడు.

కొమిరె సరేనంది. నిజానికి ఏది ఎవరిదో ఆమెకూ తెలియదు. పగిలిన పెంకులు ఏరి, ఎముకలను రెండు కుప్పలు పోసి, ఇవి మీవి, అవి వారివి అని చెప్పి గండం గడిపేద్దామనుకుంది. ఆమె గుండెల్లో ఉన్న ఆరాటం వేరు. తుమ్మెదను ఏరుకోవాలి. ఈసారి ఎవరూ వద్దనని చోట, తన పొయ్యి పక్కనే పెట్టుకోవాలి.

మిట్టమధ్యాహ్నం గుంటలోకి దిగింది. పిట్ట కూత లేదు, ఆకు కదలిక లేదు. చిన్న ఎముకలు చాలానే ఉన్నాయి. రెండు ఒడ్ల వాళ్లకూ పిల్లలు పోయారు మరి. ఒకటి చేతిలోకి తీసుకుంటుంది, కాదేమోనని పెట్టేస్తుంది. ఇంకొకటి తీస్తుంది. చివరికి చేతకాక, ఆ బురదలో మోకాళ్ల మీద కూర్చుని పిలిచింది.

"తుమ్మెదా..."

"అమ్మా" అని పలికింది గుంట.

ఒక్క గొంతు కాదు. ముసలాయన గొంతు, బాలింత గొంతు, ముక్కుపచ్చలారని పసి గొంతులు, అన్నీ కలిసి పలికాయి. కొమిరె లేచి పారిపోలేదు. ఆ గుంపులో తన బిడ్డ గొంతు కూడా విన్నది మరి.

"ఎవరు మీరు? మందవారా, చేనివారా?"

"తెలీదమ్మా" అన్నాయి గొంతులు. "ఆకలి."

కొమిరె గుడిసెకు పోయి, ఉన్న జొన్నపిండంతా అంబలి కాచి తెచ్చింది. తుమ్మెద ఏ మూల ఉందో తెలియదు కనుక మూలమూలకూ పోసింది. తన ఒక్క పిల్ల కడుపు నిండాలంటే అందరికీ పోయక తప్పలేదు. ఆ పూట రెండు ఒడ్లలోనూ ఎవరి గడపలోనూ దగ్గు వినిపించలేదు.

మర్నాడు పెద్దలిద్దరినీ గుంట దగ్గరికి పిలిచింది. "ఏరలేను మామా. గట్టు కింద తవ్వింది నేనే, తప్పు నాదే. నన్ను పూడ్చాలంటే పూడ్చండి. ముందు మీవాళ్లను మీరే ఒకసారి పిలిచి చూడండి" అంది.

బీరడు ముందుకు వచ్చి, పోయిన తండ్రిని తలచుకుని "నాయనా" అని పిలిచాడు.

"అంబలి తెచ్చావా కొడుకా?" అన్నది గుంట. ఆ గొంతుల్లో అన్నిటికన్నా ముందు పలికింది ముత్తడి తల్లి. బతికినన్నాళ్లూ మందవారి పేరెత్తితే ఉమ్మేసిన మనిషి. తన తల్లి పగవాణ్ని కొడుకా అని పిలవడం ముత్తడు చెవులారా విన్నాడు. చేతిలో ఈటె కింద పెట్టి, నేల మీద కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బీరడు వెళ్లి పక్కన కూర్చున్నాడు. కొమిరెను పూడ్చే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కొమిరె అంతకుముందు ఎవరూ చేయనంత పెద్ద బాన చేసింది. ఎముకలన్నీ అందులోకి చేరుస్తుంటే బీరడు జాలిపడి, "చిన్నవి కొన్ని తీసి నీ బిడ్డకు వేరే కుండ పెట్టుకోమ్మా" అన్నాడు.

"ఏవి నావో తెలిస్తే తీసుకోనా మామా? వేరెవరి పిల్లనో ఇంటికి తెచ్చుకుని కూర్చుంటే, నా పిల్ల ఇక్కడ పస్తుంటుంది" అంది కొమిరె. అని మూత మెత్తేసింది. ఆమె బిడ్డ ఆ బానలో ఏ అడుగున ఉందో ఆమెకు చచ్చేదాకా తెలియలేదు.

బాన ఒకటే అయ్యాక హద్దు ఎక్కడని పెట్టుకుంటారు? గట్ల మీద మిగిలిన రాళ్లు పీకి గుట్ట మీదికి మెట్లు వేశారు, బానను పైకి చేర్చారు. ఒకే పొయ్యి మీద అంబలి కాచారు. పొత్తు భోజనాలు కాస్తా పెళ్లిళ్లయ్యాయి. రెండు గుంపులూ ఒక ఊరయ్యాయి. ఆ తర్వాత ఎందరో వచ్చారు. ఒక ముని వచ్చి ఇది నా గురువు సమాధి అన్నాడు. ఒక భిక్షువు వచ్చి స్తూపం కడతానన్నాడు. ఒక రాజు వచ్చి బానకు బొట్టు పెట్టి తన ఇలవేల్పు అన్నాడు. ఊరివాళ్లు అందరికీ తలూపి, అందరికీ అంబలి పోసి పంపారు. పేర్లు వచ్చాయి, పోయాయి. అంబలి మాత్రం ఆగలేదు.

నేటికీ ఈ గుడిలో అర్చనకు గోత్రం అడగరు, ఇంటిపేరు చెప్పనివ్వరు. భక్తులు గిన్నెలో జొన్న అంబలి తెచ్చి, ముందుగా ఆ వేళకు అక్కడున్న ముక్కూమొహం తెలియని పిల్లకో పిల్లాడికో తినిపించి, ఆ తర్వాతే బాన ముందు పోస్తారు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు ఎక్కువగా వస్తారు. వారికి ఇక్కడ మనసు కుదుటపడుతుందని, దూరమైన నిద్ర తిరిగి వస్తుందని పెద్దల మాట.

ఒక్క నియమం మరువకండి. బాన ముందు నిలబడినప్పుడు వెనకనుంచి ఎవరైనా "అమ్మా" అని పిలిస్తే తిరిగి చూడకూడదు, ఎవరని అడగకూడదు. గొంతు మీ బిడ్డది కాకపోయినా సరే, గిన్నె వెనక్కి చాపండి. అది తేలికయ్యేదాకా పట్టుకుని ఉండండి.